సున్నా ట్యూబు

జయశీల చెయ్యి తేలిక. ఈ మాట ముత్తుకూరు చుట్టుపక్కల బ్యాటరీ షెడ్లలో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. సూది గుచ్చిందీ తెలీదు, తీసిందీ తెలీదు. రక్తం ఇవ్వమంటే గోడ దూకి పారిపోయే మొనగాళ్ళు కూడా ఆమె ముందు బుద్ధిగా చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చుంటారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి, కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడుతుంటుంది, మాట మాత్రం కత్తిరించినట్టు ఉంటుంది. "ఊపిరి పీల్చు. అయిపోయింది, పో." ఇంతకు మించి ఆమె ఎవరినీ బుజ్జగించింది లేదు.

పుట్టింది వాకాడు అవతల, సముద్రం ఒడ్డు పాలెంలో. నాన్న క్రీస్తురాజు వల కట్టడంలో పేరున్న మనిషి. పడవెక్కడం కంటే వల ముందు కూర్చోవడమే ఆయనకిష్టం. వల మునగాలంటే అడుగు తాడుకి బరువుండాలి కదా, అందుకని ఇంటి ముందు పొయ్యి మీద సీసం కరిగించి, పల్చటి రేకుగా పోసి, గోరంత బిళ్ళలు కత్తిరించేవాడు. ఆ బిళ్ళను తాడు చుట్టూ మడిచి పంటితో కొరికి బిగించాలి. పట్టకారుతో నొక్కితే తాడు నలిగిపోతుందని, ఎంత నొక్కాలో పంటికే తెలుస్తుందని ఆయన వాదన. పాలెంలో ఆడామగా అందరిదీ ఇదే పద్ధతి. ఐదారు బిళ్ళలు బుగ్గన పెట్టుకుని, ఒక్కొక్కటే నాలుకతో పంటి కిందికి తోసుకుంటూ, చేతులతో తాడు జరుపుకుంటూ పోవడమే. జయశీల ఏడేళ్ళకే ఈ పని నేర్చింది. సీసం కాస్త తియ్యగా ఉంటుంది. పిల్లలకి అదో సరదా.

అలా వల కట్టే ఇళ్ళవాళ్ళకి చిగుళ్ళ అంచున సన్నటి నీలి గీత ఉండేది. పక్క ఊళ్ళవాళ్ళు చూసి ఇదేమిటని అడిగితే, సముద్రం వేసిన ముద్ర అని క్రీస్తురాజు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. గీత ఉన్న పిల్లంటే పని తెలిసిన పిల్లని సంబంధాలు కూడా వచ్చేవి. జయశీలకి ఆ గీత ఉంది. ఆయన నడివయసులోనే చనిపోయి పెట్టెలో పడుకున్నప్పుడు పెదవి కొంచెం పైకి లేచి, ఆ నీలి గీత ఒక్కటే ముఖంలో బతికున్నట్టు కనపడింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆమె దాన్నే చూసింది.

పదో తరగతి తర్వాత మిషను ఆసుపత్రిలో రక్తపరీక్షల పని నేర్చుకుంది. నెల్లూరులో ఇళ్ళకు వైరింగు చేసే జడ్సన్‌ని పెళ్ళి చేసుకుంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. దేవుడి చిత్తమన్నారు, సరేనంది. ఆ తర్వాత నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబులో చేరి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆమె వదులుకోని అలవాటు ఒక్కటే. ఆదివారం ఆరాధనకి పాలెం వెళ్ళడం, అన్నం తిన్నాక తమ్ముడు ఏసుమణి వల ముందు కాసేపు కూర్చోవడం. ఆదివారం పని చేయకూడదు కానీ, అది పని కింద లెక్క కాదని పాలెమంతా ఒప్పందం. పాస్టరుగారు అటువైపు చూడకుండా నడిచి వెళ్ళిపోయేవారు.

డాక్టరేటు చేసిన సుశీల్ కుమార్ అనే కుర్రాయన ఈ ల్యాబుకి రెండేళ్ళ కింద వచ్చాడు. షెడ్లలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళ రక్తంలో ఆ సీసం ఎంత చేరిందో, తక్కువ ఖర్చుతో కొలవాలని ఆయన పట్టుదల. పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. కాస్త రక్తాన్ని ఆమ్లంలో మరిగిస్తే నీళ్ళలా తేటపడుతుంది. అందులో చిటికెడు నల్లపొడి వేస్తారు. నానో పదార్థం అంటారు దాన్ని. లక్ష రేణువులు వరసగా పేర్చినా చిటికెనవేలి గోరంత వెడల్పు రాదు. ఆ రేణువుల ఒంటి నిండా సీసాన్ని పట్టుకునే కొక్కేలు, లోపల ఇనుము. ట్యూబు పక్కన అయస్కాంతం పెడితే పొడి మొత్తం సీసాన్ని మోసుకుంటూ గోడకి పాకి వస్తుంది. మిగిలిన నీళ్ళు పారబోసి పొడిని కడిగితే సీసం విడిగా దిగుతుంది. దాన్ని మెషినులో పెడితే అంకె వస్తుంది.

జయశీల ఇరవై రెండేళ్ళుగా రక్తం చూస్తున్న మనిషే. అయినా ఆ పొడి పాకడం మాత్రం ఆమెకు అలవాటు కాలేదు. ఎవరూ పిలవకుండా లేచి, ఒకే పక్కకి తిరిగి, వెతుక్కుంటూ వస్తున్నట్టు ఉండేది. అయస్కాంతం పెట్టేముందు ప్రతిసారీ తల పక్కకి తిప్పుకునేది.

అంకె అర్థం కావాలంటే పోల్చుకోవడానికి ఏ మచ్చా లేని రక్తం ఒకటి కావాలి. దాన్ని సున్నా అనుకుని, షెడ్డు మనిషి రక్తం అంతకంటే ఎంత పైనుందో చూడాలి.

"అలాంటి రక్తం బయట కొనాలంటే మన వల్ల కాదు జయశీల గారూ. ఫ్యాక్టరీ మొహం చూడని మనిషెవరైనా ఉన్నారా?" అని అడిగాడు సుశీల్ కుమార్.

"నేనున్నాను గదా సార్. సముద్రం గాలి పీల్చి పెరిగినదాన్ని. మా ఊరి చుట్టూ పది మైళ్ళలో పొగగొట్టం లేదు."

ఆ రోజు నుంచి పరీక్ష ఉన్న ప్రతిసారీ ఆమె రక్తమే సున్నా అయింది. ట్యూబు మీద పేరుండదు, సున్నా మాత్రం ఉంటుంది. ఆమె తన ఎడమచేతికి తానే సూది గుచ్చుకునేది. అడిగినవాళ్ళకి, మన కొలబద్ద నేనేనయ్యా అని గర్వంగా చెప్పుకునేది కూడా. మెషినులో ఆ ట్యూబుకి కాస్త ఎత్తుగానే అంకె వచ్చేది. అది ఆమ్లంలోనో పొడిలోనో ఉన్న మురికి అనుకుని సుశీల్ కుమార్ అందరి అంకెల్లోంచీ దాన్ని తీసేసేవాడు.

మొత్తం ఎనభై నాలుగు మంది షెడ్డు మనుషులు. వాళ్ళకోసం ఒక ఫారం ఉంది. కడుపునొప్పి ఉందా, నిద్ర పడుతుందా, చిగుళ్ళ మీద నీలి గీత ఉందా లేదా. ఈ గీత కోసం జయశీల టార్చి వేసి నోళ్ళు చూసేది. సుశీల్ కుమార్ ఒక విదేశీ పుస్తకంలో బొమ్మ చూపించాడు, అందులో చిగుళ్ళు బొగ్గు పూసినట్టు నల్లగా ఉన్నాయి. షెడ్డు మనుషుల నోళ్ళలో అలాంటిదేమీ ఆమెకు కనపడలేదు. సన్నటి నీలి దారాలు కొందరికి కనపడ్డాయి. చిగుళ్ళంటే అలాగే ఉంటాయి కదా! ఇంట్లో అద్దంలో రోజూ చూసుకునేవే. ఎనభై నాలుగు ఫారాల్లోనూ 'లేదు' అని రాసింది.

పోయిన ఆగస్టులో అర్మాన్ వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, బ్యాటరీ పెట్టెల్ని గొడ్డలితో చీల్చే పని. వెంట భార్య సబీనా కూడా వచ్చింది. షెడ్డు పక్కన రేకుల నీడలో బల్ల వేసుకుని కూర్చున్న జయశీల దగ్గరికి నేరుగా వచ్చి నిలబడింది.

"అక్కా, ఈయన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుండాడు. అన్నం సయించడంలేదు. ఈ పని వద్దు, మా అన్న దగ్గరికి పొయ్యి టైలరింగు నేర్చుకోమంటే వినడు. మీ మెషిను ఏం చెప్తే అది చేస్తానన్నాడు. మీరే చెప్పండి."

"మెషిను రేపు చెప్తుందిలేమ్మా. నోరు తెరువు అర్మాన్."

తెరిచాడు. కింది చిగుళ్ళ అంచున నీలి గీత. జయశీలకి ఒక్కక్షణం ఎందుకో ముచ్చటేసింది. మా పాలెం మనిషిలా ఉన్నాడే అనుకుంది. 'లేదు' అని రాసింది.

మర్నాడు అంకె ముప్పై ఎనిమిది వచ్చింది. నలభై దాటితే పని మాన్పించి ఆసుపత్రికి పంపాలని పరీక్ష మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు కూర్చుని నిర్ణయించారు. జయశీల చీటీ రాసి సబీనా చేతిలో పెట్టింది.

"రెండు తక్కువే వచ్చింది. పని చేసుకోవచ్చు. మాస్కు కట్టుకోమను, చేతులు బాగా కడుక్కుని తినమను."

సబీనా ఇంకేదో అడగబోయింది. అర్మాన్ నవ్వుతూ ఆమె భుజం తట్టాడు. "విన్నావా? అక్క చెప్పింది. ఇంక నస పెట్టొద్దు." సబీనా చీటీ మడిచి రవికలో దోపుకుని వెళ్ళింది.

ఆరునెలల తర్వాత, ఫిబ్రవరిలో, రెండోసారి రక్తం తీయడానికి వెళ్ళినప్పుడు అర్మాన్ రాలేదు. పక్కన పనిచేసే మనిషిని అడిగితే తన చేతిని మణికట్టు దగ్గర వదిలేసి చూపించాడు.

"వాడి కుడిచెయ్యి ఇట్టా పడిపోయిందక్కా. గొడ్డలి పట్టుకుంటే జారిపోతుండాది. నెల రోజులనుంచి ఇంట్లోనే ఉండాడు. ఎవరో చేతబడి చేసినారంట."

మణికట్టు పడిపోవడం ఫారంలో ఆఖరి వరసలో ఉంటుంది. అంత దూరం ఎవరికీ రాదని జయశీల ఆ ప్రశ్న ఎప్పుడూ అడగను కూడా అడగలేదు. ముప్పై ఎనిమిది ఉన్న మనిషికి చెయ్యెలా పడిపోతుంది? తిరుగుదారిలో బస్సు కిటికీలోంచి చూస్తుంటే కరెంటు ప్లాంటు బూడిద రోడ్డు పక్క తుమ్మచెట్ల మీద తెల్లగా పడి ఉంది. ఆమె నోట్లో ఏదో తియ్యగా అనిపించింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

మర్నాటికి ఆమెకు జ్వరం. అయినా ల్యాబుకి వచ్చింది. సున్నా ట్యూబు కోసం చెయ్యి చాపితే సుశీల్ కుమార్ వద్దన్నాడు. జ్వరంలో రక్తం తీయకూడదన్నాడు, ఇవాళ్టికి నాది వాడదాం అన్నాడు. ఆయన చేతికి ఆమే సూది గుచ్చింది. ఆ రోజు షెడ్డు నుంచి వచ్చినవి పద్నాలుగు ట్యూబులు.

మొదటి అంకె యాభై ఎనిమిది. రెండోది అరవై రెండు. మూడోది యాభై ఐదు. ఆరునెలల కింద ఇరవైల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా, ఎవరో అందరినీ ఒకేసారి పైకి ఎత్తినట్టు లేచారు. సుశీల్ కుమార్ సీసాలు మార్చాడు, ఆమ్లం మార్చాడు, కొత్త పొట్లంలోంచి పొడి తీశాడు. మూడుసార్లు చేసినా పద్నాలుగు అంకెలూ అక్కడే నిలబడ్డాయి. ఆయన మెషిను చెడిపోయిందని తేల్చి, బాగుచేసేవాళ్ళకి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. జయశీలని ఇంటికి పంపించాడు.

ఆమె ఆ రాత్రి నిద్రపోయిందో లేదో జడ్సన్‌కి తెలీదు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అందరూ అన్నాలకి వెళ్ళాక, ల్యాబులో ఒక్కతే ఉంది. జ్వరం దిగింది. ఫ్రీజరులోంచి ఆగస్టు నాటి అర్మాన్ రక్తం తీసింది. పక్కన సుశీల్ కుమార్ రక్తం పెట్టింది. ఇంకో ట్యూబులో వట్టి నీళ్ళు పోసింది. నాలుగోదానికి తన చేతికి సూది గుచ్చుకుంది. మరిగించింది. నాలుగింటిలోనూ నల్లపొడి వేసింది. అయస్కాంతం పెడుతూ ఈసారి తల తిప్పుకోలేదు.

నీళ్ళ ట్యూబులో పొడి గోడకి చేరి ఊరుకుంది. సుశీల్ కుమార్‌దీ అంతే. అర్మాన్‌దీ అంతే. తన ట్యూబులోనూ అంతే. నాలుగు నల్లటి మరకలు ఒకేలా, ఏమీ తెలియనట్టు గోడలకి అంటుకుని ఉన్నాయి. చూసి చెప్పగలిగే తేడా వెంట్రుకవాసి కూడా లేదు. ఏసీ శబ్దం తప్ప గదిలో ఏమీ లేదు. ఎవరో తన వెనక నిలబడి ఆ నాలుగింటినీ తనతోపాటు చూస్తున్నారని అనిపించి ఒకసారి వెనక్కి తిరిగింది. స్టూలు మీద ఆమె హ్యాండ్‌బ్యాగు ఉంది, అంతే.

పొడి కడిగి ఒక్కొక్కటే మెషినులో పెట్టింది. నీళ్ళు ఒకటి. సుశీల్ కుమార్ మూడు. అర్మాన్ డెబ్బై రెండు. ఆఖరికి తనది. మెషిను తెర మీద గీత లేచింది. మూడు దగ్గర ఆగలేదు, పది దగ్గర ఆగలేదు, ఎవరో మెట్లెక్కి వస్తున్నంత నిదానంగా పైకి పోయింది. ముప్పై నాలుగు దగ్గర ఆగింది.

ఆమెకి పెద్దగా చదువు లేకపోయినా ఈ తీసివేత వచ్చు. డెబ్బై రెండులోంచి ముప్పై నాలుగు తీస్తే ముప్పై ఎనిమిది. డెబ్బై రెండులోంచి మూడు తీస్తే అరవై తొమ్మిది. అర్మాన్ అరవై తొమ్మిదితో వస్తే, సగం తన రక్తంలో దాచేసి, నీకేమీ లేదు పొమ్మని చీటీ రాసిచ్చింది.

చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. గోడకి అద్దం ఉంది. టార్చి వేసుకుని పెదవి కిందికి లాగింది. నీలి గీత. నలభై ఏళ్ళుగా చూస్తున్నదే. ఇప్పుడు చూస్తుంటే అది తన నోరులా లేదు. పెట్టెలో పడుకున్న నాన్న నోరు, టార్చి వెలుగులో పెదవి లేచి, తన ముఖంలోంచి తనవైపే చూస్తోంది. ఆయన కరిగించిన సీసం ఎక్కడికీ పోలేదు. ఎముకల్లో కూర్చుంది. ఆదివారం ఆదివారం దానికి తోడు ఆమే తెచ్చి పెడుతోంది. అప్పుడు గుర్తొచ్చాయి ఆమెకి ఆ రెండు కడుపులు, నాలుగో నెలలో ఒకటి, ఐదో నెలలో ఒకటి. దేవుడి మీద ఎందుకు నెట్టాను అనుకుంది. అక్కడే నేల మీద కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లల కోసం ఆమె అంత గట్టిగా ఏడ్చింది అదే మొదటిసారి.

సుశీల్ కుమార్ వచ్చేసరికి నాలుగు ట్యూబులూ వరసలో పెట్టి, అంకెల కాగితం ఆయన ముందుంచింది. వలల సంగతి, సీసం బిళ్ళల సంగతి, ఫారంలో 'లేదు' అని రాసిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన పాత అంకెల పుస్తకం తెరిచి వెనక్కి తిప్పాడు.

"తప్పు మీది కాదు. ఆ ట్యూబు అంకె మొదట్నించీ ఎత్తుగానే ఉంది. మురికనుకుని తీసేసింది నేను. నీళ్ళతో ఒక్కసారి పోల్చినా తెలిసేది." పుస్తకం మూశాడు. "ఇంకో ల్యాబుకి పంపి రూఢి చేసుకుందాం. కమిటీకి రాయాలి. పదిహేను రోజులు పడుతుంది. అప్పటిదాకా బయట అనకండి, అందరూ బెదిరిపోతారు."

"మీరు రాసుకోండి సార్. పదిహేను రోజులు షెడ్డు వాళ్ళేం పొయ్యి ఆర్పరు గదా. నేను చీటీలు వెనక్కి తీసుకోవాల."

సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఆయన ఆపలేదు.

అర్మాన్ ఇల్లు ముత్తుకూరు దాటాక రోడ్డు పక్క కాలనీలో. ఎండ ఇంకా ఉంది. గుమ్మంలోనే మంచం వేసి ఉంది. అర్మాన్ దాని మీద కూర్చుని ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది అక్కడ నిలవలేదు. మణికట్టు దగ్గర మడత పడి, వేళ్ళు నేలవైపు చూస్తూ వేలాడింది. ఆమెను చూసి దండం పెట్టబోయాడు. ఒక చెయ్యి లేచింది, రెండోది లేవలేదు.

జయశీల కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సున్నా అంటే ఏమిటో, అది ఎవరి రక్తమో, ముప్పై ఎనిమిది ఎలా వచ్చిందో మామూలు మాటల్లో చెప్పింది. సబీనా వింటూ వింటూ లోపలికి వెళ్ళి స్టీలు డబ్బాలోంచి ఆ చీటీ తెచ్చింది. నాలుగు మడతల దగ్గర చిరుగుతోంది.

"ఇది చూపించి చూపించి నా నోరు మూయించినాడక్కా ఈయన. నొప్పితో నేల మీద దొర్లినప్పుడు కూడా ఇదే చూపించినాడు. అక్క రాసింది, రెండు తక్కువే అన్నాడు."

"నాదే తప్పు తల్లీ. ఈయన్ని ఇప్పుడే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోదాం. నేను వెంట ఉంటా. మందు ఎక్కించి సీసం దింపుతారు."

"చెయ్యొస్తుందా?" అన్నాడు అర్మాన్.

"వస్తుందనే చెప్తారు. కానీ ఎంతవరకో నేను చెప్పలేను. ఏడాది పట్టొచ్చు."

సబీనా ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"ఈసారి ఎవరి రక్తం సున్నా అక్కా?"

జయశీల సంచీలోంచి టార్చి తీసి సబీనా చేతికిచ్చింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తన పెదవి కిందికి లాగింది. సబీనా వెలుగు వేసి చూసింది. తర్వాత అర్మాన్ నోరు తెరిపించి చూసింది. ఒకే గీత, ఒకే చోట. ఆమె టార్చి ఆర్పలేదు. గూట్లో ఉన్న చిన్న అద్దం తీసి, వెనక్కి తిరిగి, తన నోరు చూసుకుంది. రోజూ అతని పనిబట్టలు చేత్తో ఉతికి జాడించేది ఆమే. ఏం చూసిందో వాళ్ళకి చెప్పలేదు. "పదండి పోదాం" అంది.

నెలన్నరలో ఎనభై నాలుగు మందికీ మళ్ళీ పరీక్ష జరిగింది, ఈసారి నీళ్ళ సున్నాతో. యాభై ఒక్కమంది నలభై దాటారు. ప్రతి ఇంటికీ జయశీలే వెళ్ళి పాత చీటీ వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చింది. కొందరు తిట్టారు, ఒకావిడ తలుపు మొహం మీద వేసింది. ఇదివరకటిలా చొక్కా చెయ్యి మడుచుకుని బుద్ధిగా కూర్చున్నవాళ్ళు తక్కువ. షెడ్డుకి తాళం పడిందా అంటే, పడలేదు. మానేసినవాళ్ళ చోట్లోకి వేరే ఊళ్ళ మనుషులు వచ్చారు. అర్మాన్ మొదటి విడత మందు అయ్యేసరికి మూడు వేళ్ళు కదిలించాడు. గ్లాసు పట్టుకోవడం ఇంకా రాలేదు. సబీనా ఫోను చేసి ఆ సంగతి చెప్పింది. అక్కా అని పిలిచింది, అంతవరకే.

ఇక మిగిలింది పాలెం. ఈ నెలన్నరా ఆమె అటు పోలేదు. ఆదివారం జడ్సన్ బండి మీద తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో వెనక కూర్చుని నెమరేసుకుంది. మన చిగుళ్ళ గీత ముద్ర కాదు, విషం. పట్టకారు వాడండి. పొయ్యి ఇంటి ముందు పెట్టొద్దు. చిన్నపిల్లల చేతికి బిళ్ళ ఇవ్వొద్దు. నాన్న ఎందుకంత తొందరగా పోయాడో ఇప్పుడు తెలిసింది. నాకు పిల్లలెందుకు లేరో ఇప్పుడు తెలిసింది.

ఆరాధన అయింది, అన్నాలయ్యాయి. టార్పాలిను నీడలో ఏసుమణి కొత్త వల పరిచాడు. పదిమంది చుట్టూ చేరారు. ఏసుమణి ఎప్పటిలాగే ఆమె చోటు ఆమెకు వదిలి, పళ్ళెంలో బిళ్ళలు ముందుకు జరిపాడు. సముద్రం ఆ రోజు శబ్దం లేకుండా ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆమె కాసేపు వాళ్ళ మాటలు విన్నది. పక్కింటివాళ్ళ ఇంజను చెడిపోయిన సంగతి, రొయ్య పడని సంగతి. అందరి చేతులూ తాడు మీద నడుస్తున్నాయి, అందరి దవడలూ కదులుతున్నాయి. ఆమె గొంతు సవరించుకుంది.

"తమ్ముడా, అందరూ వినండి. ఈ పని పంటితో చెయ్యొద్దు. ఇది విషం. నేను కళ్ళారా చూసినాను, మెషినులో చూసినాను..."

మాట ముద్దముద్దగా వచ్చింది. ఏసుమణి ఫక్కున నవ్వాడు.

"ముందు నోట్లోది ఊసి, తర్వాత చెప్పక్కా."

అందరూ నవ్వారు. పదిమంది పెదవులూ పైకి లేచాయి, పది నీలి గీతలు ఆమెవైపు చూశాయి. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. ఎడమ బుగ్గలో మూడు బిళ్ళలు తగిలాయి. ఎప్పుడు తీసుకుందో, ఎప్పుడు పెట్టుకుందో ఆమెకు తెలీదు. కిందికి చూసింది. ఆమె ఒళ్ళో మూరెడు తాడు మీద పదకొండు బిళ్ళలు వరసగా, నాన్న నేర్పినట్టే, పంటి గాటు పడి బిగిసి ఉన్నాయి. నోరంతా తియ్యగా ఉంది.